వరద రాకముందే చిట్టిని ఏరు దాటించండి

పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది పి.గన్నవరం మండలంలో వశిష్ఠ పాయ అవతల ఉన్న లంక గ్రామం. మా చిట్టి పామేరియన్ క్రాస్, రెండున్నరేళ్లుంటాయి. జూన్ 8న, మళ్లీ 10న క్రాసింగ్ చేయించాం. ఇదే మొదటి కాన్పు. బలానికి మా అత్తగారు రోజూ మనుషుల క్యాల్షియం టానిక్ పట్టమంటున్నారు. నొప్పులు ఆలస్యమైతే ఒక్క ఇంజక్షన్‌తో పిల్లలు బయటికి వచ్చేస్తాయని, అది తానే చేస్తానని ఊళ్లో ఒకాయన అంటున్నారు. చిట్టి ఇప్పటికే గడ్డిమేటు కింద గొయ్యి తవ్వుతోంది. వరద వస్తే రేవు దాటడానికి మాకు పడవే దిక్కు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎప్పుడు ఈనుతుంది? ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, పి.గన్నవరం మండలం

జవాబు: తల్లీ, ముందు తేదీ లెక్క చూద్దాం. కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది. జూన్ 8 నుంచి లెక్కేస్తే ఆగస్టు 10 అవుతుంది. అయితే మగకుక్క వీర్యం ఆడకుక్క కడుపులో కొన్ని రోజుల పాటు సజీవంగా ఉంటుంది. అండం తయారయ్యే రోజు మనకు తెలియదు. అందుకే క్రాసింగ్ రోజు నుంచి లెక్కపెడితే 57వ రోజున ఈనవచ్చు, 72వ రోజు దాకా ఆగవచ్చు. అంటే మీ చిట్టికి ఆగస్టు 4 నుంచి 19 వరకు ఎప్పుడైనా కావచ్చు. క్యాలెండర్ మీద ఈ రెండు తేదీలకూ గుర్తు పెట్టుకోండి.

ఆ రోజుల్లో గోదావరి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 1986లో మహా వరద వచ్చింది ఆగస్టులోనే. 2022లో జులైలోనే లంకలు మునిగాయి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది చిట్టి కాన్పు కాదు, మీ రేవు. ఎక్కువ కుక్కలు ఎవరి సాయమూ లేకుండానే ఈనుతాయి. కానీ మొదటి కాన్పు, చిన్న జాతి, కడుపులో పిల్లలు ఎన్నో తెలియదు. ఒకటీ రెండూ పిల్లలే ఉంటే అవి బాగా పెరిగి, తల్లి చిన్న కటిలో ఇరుక్కునే అవకాశం ఉంది. అలాంటప్పుడు సిజేరియన్ తప్ప దారి ఉండదు. అర్ధరాత్రి, పోటెత్తిన ఏట్లో, నొప్పులు పడుతున్న కుక్కని పడవెక్కించే పరిస్థితి రాకూడదు.

కాబట్టి నా సలహా ఒక్కటే: ఆగస్టు 1కల్లా చిట్టిని ఇవతల ఒడ్డున మీ బంధువుల ఇంట్లో పెట్టండి. అంత ముందుగా ఎందుకు అంటే, కుక్కకి కొత్త చోటు అలవాటు కావడానికి వారం పది రోజులు పడుతుంది. నొప్పులు మొదలయ్యాక చోటు మారిస్తే బెదిరి నొప్పులు ఆపేస్తుంది. అది పడుకునే గోనెసంచి, తిండి గిన్నె, మీరు కట్టి విడిచిన పాత చీర ఒకటి తీసుకెళ్లండి. మీరు గానీ, అది బాగా మరిగిన మనిషి ఇంకెవరైనా గానీ దగ్గరుండాలి. ఈలోపే నీరు పెరిగేలా ఉంటే ఆగస్టు 1 కోసం ఆగొద్దు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ నీళ్లే తర్వాత ధవళేశ్వరం బ్యారేజీకి వస్తాయి. అక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది. మీరు మాత్రం భద్రాచలం కబురు వినగానే కదలండి. ధవళేశ్వరం హెచ్చరిక వచ్చేసరికి రేవు దగ్గర మనుషులకే చోటు దొరకదు.

ఇవతలికి వచ్చాక మర్నాడే, అంటే ఆగస్టు 2 ప్రాంతంలో, ఒక ఎక్స్‌రే తీయించండి. 55 రోజులు నిండాక పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తాయి. తలలు, వెన్నెముకలు లెక్కపెట్టి ఎన్ని పిల్లలో చెప్పొచ్చు. ఆ అంకె చేతిలో ఉంటే కాన్పు రాత్రి సగం టెన్షన్ పోతుంది. నాలుగు పిల్లలని తెలిసి మూడే బయటికి వస్తే ఇంకోటి ఉందని తెలుస్తుంది. అంకె తెలియకపోతే మూడింటికే అయిపోయిందనుకుని అందరూ నిద్రపోతారు.

అదే రోజు డాక్టర్ గారిని ఒక మాట అడగండి: ‘రాత్రిపూట సిజేరియన్ అవసరమైతే ఎక్కడికి వెళ్లాలి?’ ప్రతి పశువైద్యశాలలోనూ కుక్కకి ఆపరేషన్ చేసే వీలుండదు. అమలాపురమా, రాజమహేంద్రవరమా, కాకినాడా, ఎక్కడైతే అక్కడి ఫోన్ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి. రాత్రి పిలిస్తే వస్తానన్న ఆటో అతని నంబరు దాని పక్కనే ఉండాలి. 1962 టోల్‌ఫ్రీ నంబరుకి చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. అదీ రాసుకోండి. కానీ రాత్రి ఆపదకి దాని మీదే భారం వేయకండి.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడకు చిట్టి మీద ఉన్న ప్రేమ నాకు అర్థమవుతోంది, కానీ క్యాల్షియం టానిక్ ఇవాళే ఆపించండి. రక్తంలో క్యాల్షియం తగ్గినప్పుడు ఎముకల్లోంచి తీసి సర్దే పని మెడలో ఉన్న చిన్న గ్రంథులది. కడుపుతో ఉన్నప్పుడు మనం బయటి నుంచి పోస్తూ ఉంటే ఆ గ్రంథులు పని మానేసి కూర్చుంటాయి. పిల్లలు పుట్టి పాలకి ఒక్కసారిగా క్యాల్షియం కావలసి వచ్చేసరికి అవి వెంటనే అందుకోలేవు. తల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి. రావులపాలెం నుంచి వచ్చిన ఉత్తరం కింద ఉంది, ఆవిడకి చదివి వినిపించండి. బలానికి టానిక్ కాదు, తిండి కావాలి. ఈ చివరి మూడు వారాల్లో మామూలుగా తినేదానికి పావు వంతు నుంచి సగం వరకు పెంచండి. కడుపు నిండా పిల్లలే ఉంటాయి కాబట్టి ఒకేసారి ఎక్కువ తినలేదు. రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. కుక్కపిల్లల కోసం అమ్మే పొడి తిండి తల్లికి పెట్టడం మంచిది. అది దొరక్కపోతే ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసేసిన కోడిమాంసం, అన్నం, పెరుగు. ఉల్లిపాయ, వెల్లుల్లి పడ్డ కూర వద్దు, చేపముళ్లు వద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. గేదెలకి కొట్టే గోమార్ల మందు దీని ఒంటికి రాయకండి. జ్వరమొచ్చినా, కుంటినా మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయకండి. ఏ మందుకైనా డాక్టర్‌తో ‘ఇది కడుపుతో ఉందండీ’ అని ముందు చెప్పండి. నులిపురుగుల మందు కూడా అడగండి, ఎందుకంటే తల్లి ఒంట్లోని పురుగులు కడుపులో ఉండగానే పిల్లలకి చేరతాయి.

గడ్డిమేటు కింద గొయ్యి తవ్వుతోందంటే చోటు వెతుక్కుంటోందన్న మాట. అక్కడ ఈననివ్వకండి. వానాకాలం గడ్డిమేటులో తేమ, పాములు ఉంటాయి. అన్నిటికన్నా నాకు భయం ఎర్రచీమలంటే. కళ్లు తెరవని పిల్లల్ని చీమలు పట్టి చంపేసిన ఇళ్లు నేను చాలా చూశాను. ఇంట్లోనే మనుషుల రాకపోకలు తక్కువగా ఉండే మూల, నేలకంటే ఎత్తుగా, చెక్కపెట్టె ఒకటి అమర్చండి. తల్లి కాళ్లు చాపుకుని అటూ ఇటూ తిరగగలిగేంత ఉండాలి. మూడు వైపులా జానెడు ఎత్తు గోడ, ఒక వైపు తల్లి దాటి వెళ్లగలిగేంత తక్కువ. లోపల గోడలకి నాలుగు వేళ్ల ఎడంలో వెదురు బద్ద కట్టించండి. తల్లి గోడకి చేరబడి పడుకున్నప్పుడు వెనక చిక్కిన పిల్ల ఆ సందులో బతుకుతుంది. కింద పాత వార్తాపత్రికలు, పైన దారాలు వేలాడని నూలు బట్ట. ఊక, ఇసుక, కొబ్బరిపీచు వద్దు, అవి పిల్లల ముక్కుల్లోకి పోతాయి. పెట్టె కాళ్లకింద నీళ్ల పళ్లేలు పెడితే చీమలు ఎక్కవు. చిట్టికి బొచ్చు ఎక్కువ కదా, చన్నుల చుట్టూ, తోక కింద కత్తిరించండి.

ఆగస్టు 3 నుంచి రోజుకి మూడుసార్లు టెంపరేచర్ చూడండి. మందుల షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్ చాలు. కొనకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టాలి. మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. అది 99 కన్నా కిందికి దిగిందంటే, సాధారణంగా 24 గంటల్లోపు ఈనుతుంది. తిండి మానేస్తుంది, వగరుస్తుంది, వణుకుతుంది, గుడ్డలన్నీ పీకి కుప్ప పెడుతుంది, ఒక్కోసారి కక్కుతుంది. ఈ దశ ఆరు నుంచి పన్నెండు గంటలు, మొదటి కాన్పుకి ఒక రోజు దాకా ఉండొచ్చు. కంగారుపడకండి, ఇరుగుపొరుగు పిల్లల్ని చూడ్డానికి రానివ్వకండి. 99 దిగి 24 గంటలైనా ఏమీ మొదలవకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

తర్వాత ముక్కడం మొదలవుతుంది. పొట్ట బిగబట్టి ముక్కడం మీ కంటికి కనిపిస్తుంది. ఇక్కడి నుంచి గడియారం, కాగితం దగ్గర పెట్టుకోండి. ప్రతి పిల్ల పుట్టిన టైము రాయండి, మాయ పడిందో లేదో రాయండి. పిల్లకీ పిల్లకీ మధ్య అరగంట, గంట పట్టడం మామూలే. ముక్కకుండా పిల్లలకి పాలిస్తూ రెండు గంటలు విశ్రాంతి తీసుకున్నా తప్పు లేదు. కానీ గట్టిగా, ఆగకుండా అరగంట ముక్కినా పిల్ల రాకపోతే అది ఇరుక్కున్నట్టే, ఆటో పిలవండి. ఇంకా పిల్లలున్నాయని తెలిసీ నాలుగు గంటలు దాటినా బయల్దేరండి. మొదటి పిల్ల రాకముందే ముదురాకుపచ్చ నీరు కనిపిస్తే మాయ విడిపోయిందని అర్థం, లోపలి పిల్లకి ఊపిరి అందడం లేదు. అప్పుడు అరగంట కూడా చూడొద్దు. మొదటి పిల్ల తర్వాత అదే ఆకుపచ్చ వస్తే భయం లేదు. పిల్ల తోకవైపు నుంచి వస్తుంటే కూడా బెదిరిపోకండి, కుక్కల్లో అది మామూలే.

పిల్ల పొరతో సహా బయట పడుతుంది. చిట్టే నాకి పొర చింపుతుంది, బొడ్డు కొరుకుతుంది. మొదటి కాన్పులో కొన్ని తల్లులకి ఏం చేయాలో తోచదు. నిమిషంలోగా చింపకపోతే మీరు వేళ్లతో ముక్కు దగ్గర పొర చీల్చి, మెత్తని తువ్వాలుతో నోరు, ముక్కు తుడిచి, ఒళ్లంతా గట్టిగా రుద్దండి. కీచుమనేదాకా రుద్దండి. కొందరు పిల్లని తలకిందులుగా పట్టుకుని ఊపుతారు, అలా చేస్తే మెదడు దెబ్బతింటుంది. బొడ్డుని పొట్టకి అంగుళం దూరంలో, మరిగించిన నీళ్లలో వేసి తీసిన దారంతో కట్టి, ఆ పైన కత్తిరించి, పోవిడోన్ అయోడిన్ అద్దండి. ఆ వెంటనే తల్లి చన్ను దగ్గర పెట్టండి. ముర్రుపాలు మొదటి పన్నెండు గంటల్లోపు తాగితేనే రోగాలకి తట్టుకునే శక్తి వస్తుంది. మొదటి వారం పిల్లలకి వణికి ఒళ్లు వేడిచేసుకునే శక్తి ఉండదు. వానకి ఇల్లు చల్లబడితే, కరెంటు పోతే, గోరువెచ్చని నీళ్ల సీసాకి బట్ట చుట్టి పెట్టెలో ఒక మూలన పెట్టండి. మొత్తం పెట్టె వేడెక్కకూడదు, ఎందుకంటే మన ఉక్కపోతలో తల్లి వడలిపోతుంది. పిల్లలు వెచ్చటి మూలకి, తల్లి చల్లటి వైపుకి జరగగలిగేలా ఉండాలి.

చివరికి ఆ ఇంజక్షన్ సంగతి. దీని గురించి నేను నెమ్మదిగా మాట్లాడలేను. అది ఆక్సిటోసిన్. గర్భసంచిని గట్టిగా బిగిసేలా చేస్తుంది. దారి తెరుచుకుని, పిల్ల తిన్నగా ఉండి, కేవలం నొప్పులు నీరసించినప్పుడు, లోపల చూసిన డాక్టర్ కొద్ది మోతాదులో ఇస్తే అది మందు. పిల్ల అడ్డం పడి ఉండగా ఇస్తే సంచి మూసి ఉన్న తలుపు మీద గుద్దుకున్నట్టే, చిరిగిపోతుంది. ఒక వరదకాలంలో లంక నుంచి నాటుపడవలో ఒక లాబ్రడార్‌ని తెచ్చారు. ఊళ్లో ఎవరో అప్పటికే వరసగా సూదులు పొడిచారు. పొట్ట కోసి చూస్తే గర్భసంచి చిరిగి, ఒక పిల్ల సంచి బయట పేగుల మధ్య ఉంది. మిగతా పిల్లల్ని బతికించగలిగాను, తల్లి దక్కలేదు. ఆ కుక్క యజమాని, పొగాకు చేలో పనిచేసే పెద్దాయన, బల్ల పక్కనే నేలమీద కూర్చుండిపోయారు. మీ ఊరాయన మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. ఆయనకి దణ్ణం పెట్టి వద్దని చెప్పండి.

చిట్టి ఈనాక ఎన్ని పిల్లలో, అన్నీ పాలు పట్టాయో లేదో నాకు ఒక కార్డు ముక్క రాయండి.

ప్రశ్న: మా స్పిట్జ్ అయిదు పిల్లల్ని పెట్టి పద్దెనిమిది రోజులైంది. నిన్నటి నుంచి ఎగరొప్పుతోంది, కాళ్లు కర్రల్లా పెట్టి నడుస్తోంది. ఈ ఉదయం నుంచి వణుకు. వేడి చేసిందని ఫ్యాన్ కింద పడుకోబెట్టాం. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: మీ ఉత్తరంలో నంబరు ఉండబట్టి అందిన రోజే ఫోన్ చేశాను. అప్పటికే మీరు పశువైద్యశాలకి తీసుకెళ్లారని, నరంలోకి క్యాల్షియం ఎక్కించాక అరగంటలో లేచి నిలబడిందని విని నాకు ప్రాణం లేచి వచ్చింది. మిగతా పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాను.

ఇది వేడి కాదు, పాలజ్వరం. ఆవులకి ఈనిన ఒకటి రెండు రోజుల్లో వస్తుందని మన రైతులందరికీ తెలుసు. కుక్కలకి సాధారణంగా ఈనిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య, పాలు ఉద్ధృతంగా ఉన్నప్పుడు వస్తుంది. చిన్న జాతి కుక్క, ఎక్కువ పిల్లలు ఉంటే భయం మరీ ఎక్కువ. మొదట అసహనం, పిల్లల్ని పట్టించుకోకపోవడం, ముఖం గోక్కోవడం. తర్వాత బిగిసిన నడక, వణుకు. ఆ వణుకుతో ఒంటి వేడి 105 కూడా దాటుతుంది. దాన్ని చూసి ఎండదెబ్బ అనుకుని తడిగుడ్డలు కప్పుతారు. చివరికి ఫిట్స్. గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

చేయాల్సింది ఏమిటంటే, పిల్లల్ని తల్లి నుంచి వెంటనే వేరుచేసి, తల్లిని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం. ఈ క్యాల్షియాన్ని గుండె కొట్టుకోవడం వింటూ చుక్కచుక్కగా ఎక్కించాలి. త్వరగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. కాబట్టి ఇంట్లో గేదె కోసం తెచ్చిన సీసా ఉంది కదా అని ఎవరూ చేయకూడదు. లేచి నడిచింది కదా అని ఆ రోజే పిల్లల్ని మళ్లీ పాలకి వదలకండి. కనీసం ఒక రోజు పిల్లలకి పోతపాలు పట్టండి. పోతపాలంటే కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలో కన్నా రెట్టింపు ఉంటాయి, ఉత్త ఆవుపాలతో పిల్లలు నీరసిస్తాయి, విరేచనాలు కూడా అవుతాయి. పిల్లని పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకోకుండా బోర్లా ఉంచి పట్టాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీ పిల్లలకి మూడు వారాలు నిండుతున్నాయి, మెత్తగా నానబెట్టిన తిండి పళ్లెంలో అలవాటు చేస్తే తల్లి మీద భారం తగ్గుతుంది. తల్లికి ఇప్పుడు మాత్రం మామూలు కన్నా రెండు మూడు రెట్లు తిండి పెట్టాలి, క్యాల్షియం మాత్రలు డాక్టర్ చెప్పిన మోతాదులో వేయొచ్చు. వచ్చే కాన్పుకీ ఇది తిరగబెట్టే అవకాశం ఉంది. నన్నడిగితే దీనికి ఇక పిల్లల సంచి తీయించే ఆపరేషన్ చేయించడం మేలు.

ప్రశ్న: మా కుక్క రెండు నెలల కిందట ఎదకొచ్చింది. ఏ మగకుక్కా దరిచేరలేదు. అయినా పొట్ట పెరిగింది, పాలు వస్తున్నాయి, మా పాప బొమ్మని పెట్టుకుని పడుకుంటోంది. ఇదేం విచిత్రం?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: దీన్ని ఉత్తుత్తి చూలు అంటాం. జత కట్టినా కట్టకపోయినా, ఎద తర్వాత కుక్క ఒంట్లో హార్మోన్లు దాదాపు కడుపుతో ఉన్నట్టే పనిచేస్తాయి. రెండు నెలలకి ఒక హార్మోను పడిపోయి, పాలు తెచ్చే హార్మోను పెరుగుతుంది. రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. చన్నులు పిండకండి, పిండితే ఇంకా పాలు వస్తాయి. బొమ్మ కోసం మీ పాప చేయి పెట్టకుండా చూసుకోండి, కరవగలదు. కుక్క షికారుకి వెళ్లినప్పుడు మెల్లగా తీసేయండి.

ఒక్క సంగతి మాత్రం గమనించండి. అది మామూలు కన్నా ఎక్కువగా నీళ్లు తాగుతూ, తిండి మాని, కక్కుతుంటే, లేదా తోక కింద చీము కనిపిస్తే అది ఉత్తుత్తి చూలు కాదు, గర్భసంచిలో చీము పట్టింది. ఎద అయ్యాక సరిగ్గా ఈ రెండు నెలల్లోనే అదీ వస్తుంది. చీము బయటికి రాకపోయినా లోపల నిండవచ్చు. ఈ లక్షణాల్లో ఏది కనిపించినా ఆ రోజే స్కానింగ్ చేయించండి.